సోమవారం దాకా ఆగమన్న అత్త

అత్త పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను కౌలాలంపూర్‌లో, ఓడల కంపెనీ ఆఫీసులో, మీటింగ్‌కి వెళ్లబోతున్నాను. "మజ్జాన్నం అన్నం తిని పడుకుందే. మరి లెగలేదు" అంది అమ్మ. మీటింగ్‌కి వెళ్లాను. అక్కడ ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు.

ఆవిడ మాకు రక్తసంబంధం కాదు. పోర్ట్ బ్లెయిర్ ఎయిర్‌పోర్టు పక్కనున్న లంబాలైన్ పేట‌లో మా పక్కింటావిడ. నాన్న అక్కా అని పిలిచేవాడు కనక నాకు అత్త. హార్బర్‌లో అకౌంట్స్ గుమస్తాగా చేసి రిటైరైంది. ఏ కాగితమైనా అడుగు నుంచి పైకి చదివేది. "సంతకం ఎవడిదో ముందు సూడాల. తర్వాత ఏటి రాసేడో దానంతటదే తెలుస్తది" అనేది.

నేను బీకాం పూర్తిచేసిన ఏడు, మెయిన్‌లాండ్ నుంచి ఒక ఏజెంటు వచ్చి శుక్రవారం పొద్దున్న హోటల్లో మీటింగ్ పెట్టాడు. లండన్ వాళ్ల అకౌంటెన్సీ కోర్సు, సగం పేపర్లు రాయక్కర్లేదు, ఏ దేశంలోనైనా, మన దేశంలోనైనా సీఏతో సమానం, ఉద్యోగం ఖాయం అన్నాడు. సోమవారం సాయంత్రం ఐదుకి ఆఖరు. చేపల వేటకెళ్తూ నాన్న తన సంతకం ముందే చేసి ఇచ్చిన ఫారం నా ఒళ్లో ఉంది. నేను పెన్ను తీశాను.

తోడొచ్చిన అత్త లేచి నిలబడింది. "సర్, ఏక్ సవాల్ హై, ఒక ప్రశ్న. ఇది ప్యాసైతే మన దేశంలో ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టొచ్చా? పేపర్లు మాఫీ చేసేది మీరా, లండన్ వాళ్లా?"

ఏజెంటు నవ్వి, మేడమ్ ఎక్కడ పనిచేస్తారని అడిగాడు. హాలంతా మావైపు తిరిగింది. నాకు ముఖం మండిపోయింది. "కూచో అత్తా. గుమస్తావి, నీకేం తెలుసు ఇవన్నీ" అన్నాను. మెల్లగా అన్నాననుకున్నాను. ముందు వరుస వాళ్లు కూడా విన్నారు.

అత్త కూచుంది. బయటికొచ్చాక ఒక్క మాటే అడిగింది. "సోమవారం దాకా ఆగు బేటీ. లండన్ వాళ్లనే అడుగుదాం."

ఆ మధ్యాహ్నమే ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి, అత్త ప్రశ్నలు చెబుతుంటే నేను ఈమెయిల్ రాశాను. మా దీవులకి సముద్రం అడుగున నెట్ కేబుల్ ఇంకా వెయ్యని రోజులవి, వానొస్తే నెట్ పోయేది. సోమవారం పొద్దున్నే మళ్లీ అక్కడికెళ్లి కూచున్నాం. ఒకటే వాన. నెట్ లేదు. పదకొండుకి వచ్చింది, పేజీ తెరుచుకునేలోగా పోయింది. మూడైంది. నేను లేచి ఫారం సంచిలో పెట్టుకున్నాను. "ఇంక నేను వెళ్తానత్తా. సీటు పోతే ఎవరిస్తారు?"

అత్త నన్ను ఆపలేదు. "ఏ సేపకి పోతన్నావో తెలీకుండా వల కొనకే. మీ నాన్ననడుగు, అదే సెప్తాడు" అని మళ్లీ తెర వైపు తిరిగింది. తలుపు దాకా వెళ్లి, తడిసిన గొడుగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నాలుగు దాటాక జవాబు తెరుచుకుంది. మార్కుల పత్రాలు చూసి ఏ పేపర్లు మాఫీయో తామే తేలుస్తామనీ, ఉద్యోగానికి ఎవరి తరఫునా హామీ ఇవ్వమనీ, ఏ దేశం నియమాలు ఆ దేశానివే కనక ఇండియాలో ఆడిట్ సంతకానికి ఇండియా సీఏనే కావాలనీ ఉంది. అత్త తెర మీద వేలు పెట్టి అడుగు నుంచి పైకి రెండుసార్లు చదివింది.

"తప్పుగా మాట్లాడాను అత్తా" అన్నాను.

"గుమస్తానే కదే నేను. అబద్ధం సెప్పలేదు నువ్వు. అయితే అందరిముందూ అనకుండా ఉండాల్సింది." కళ్లజోడు తుడుచుకుంది. "ఇప్పుడు సెప్పు. ఎక్కడ పనిచేద్దామని? ఇక్కడే ఆఫీసు పెట్టాలంటే సీఏ చదువు. బయట దేశాల కంపెనీల్లో చేద్దామంటే లండన్‌దే చదువు, కానీ నేరుగా వాళ్లకే కట్టు. రెండూ మంచివే. ఏది తీసుకుంటే ఏది పోతదో తెలుసుకుని తీసుకో."

బయటికే అన్నాను. ఆ సాయంత్రం నాన్నకి నేనే చెప్పాను, అత్త గుమ్మంలో నిలబడి ఉండగా.

"అయితే ఇక్కడ ఆడిటర్ అవలేవన్నమాట" అన్నాడు నాన్న.

"అవలేను."

నాన్న అత్త వైపు చూశాడు. "తెలిసే అడుగుతోందా అక్కా?"

"తెలిసే."

ఆయన కొత్త ఫారం ఎప్పుడొస్తుందని అడిగాడు. పగలు ఊళ్లో ఆడిటర్ దగ్గర పనిచేస్తూ ఆ పరీక్షలు రాశాను. రెండుసార్లు తప్పాను. తప్పిన ప్రతిసారీ అత్త ఓదార్చలేదు, ఎక్కడ తప్పానో చూపించమనేది. ఏజెంటు దగ్గర సంతకాలు పెట్టిన నా క్లాసువాళ్లిద్దరికి పేరు నమోదు సరిచేసుకోడానికే ఏడాది పట్టింది.

ఉద్యోగానికి బయల్దేరిన రోజున విమానం లేస్తుంటే కిటికీలోంచి మా ఇళ్లు కనిపించాయి. చినుకులు మొదలయ్యాయి. అత్త డాబా మీద తాడు నుంచి ఆరేసిన బట్టలు లాగుతోంది. చెయ్యి ఊపడానికి ఖాళీ లేదు. రెండు చేతులనిండా చీరలు, ముఖం మాత్రం పైకెత్తి, వానలో అలాగే నిలబడి ఉంది.