ముప్పై ఏడో గది

దేవుడు నాకిచ్చిన వాగ్దానపు కార్డును చూపించి, కుమారి అనే సహోదరికి నేను జూదం నేర్పాను. ఆమె ఇంటి స్లాబు కోసం దాచుకున్న డబ్బంతా ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఎంత పెట్టాలో, దేని మీద పెట్టాలో ఫోనులో చెప్పినవాణ్ణి నేనే.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మన పత్రికకు సాక్ష్యం రాయమని పాస్టరుగారు అడిగినప్పుడు మూడుసార్లు రాసి మూడుసార్లు చించాను. ఎందుకంటే మూడుసార్లూ నా కష్టాలు మొదటి పేజీలోకి వచ్చి కూర్చున్నాయి, నా తప్పు మెల్లగా రెండో పేజీలోకి జారుకుంది. అందుకే ఈసారి తప్పుతోనే మొదలుపెట్టాను, దేవునికే మహిమ.

నేను కోనసీమవాణ్ణి. ఐదో తరగతి దాటలేదు. కువైట్ వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళు. అర్దియాలో కార్ల స్పేరుపార్టుల షాపులో స్టోరు చూస్తాను. ఇంగ్లీషు అక్షరాలు డబ్బాల మీద చూసి నేర్చుకున్నాను, లెక్కలు ధరల పట్టీల మీద నేర్చుకున్నాను, అరబ్బీ కస్టమర్ల తిట్లలో నేర్చుకున్నాను. ఒక్కసారి విన్న పార్టు నంబరు నేను మరచిపోను. పాతికేళ్ళ కిందటి బండికి ఏ బేరింగు పడుతుందో కంప్యూటరు వెతికేలోపే చెప్తాను. ఆ జ్ఞాపకశక్తి దేవుడిచ్చిన వరమని అందరితో చెప్పేవాణ్ణి గాని, అది నా సొంత సంపాదనే అని లోపల అనుకునేవాణ్ణి. సాతాను తలుపు కొట్టింది ఆ గర్వం దగ్గరే.

కొత్త సంవత్సరం ఆరాధనలో మనం పళ్ళెంలోంచి వాగ్దానపు కార్డులు తీసుకుంటాం కదా, రెండేళ్ళ కిందట నాకు వచ్చిన కార్డు మీద అవమానానికి బదులు రెట్టింపు మేలు అనే అర్థం వచ్చే మాట ఉంది. 'రెట్టింపు' అన్న ఆ ఒక్క మాటే నా కంటికి అంటుకుపోయింది. కార్డుకు ప్లాస్టిక్కు వేయించి ఫోను కవరు వెనక పెట్టుకున్నాను. ఆ నెలలోనే ఫోనులో ఒక తెలుగు వీడియో వచ్చింది. ఎవరో కుర్రగొంతు, ముఖం చూపించడు. రౌలెట్ అంటే చక్రం తిరిగి బంతి ఏ గదిలో పడితే ఆ నంబరూ, ఆ రంగూ గెలిచే ఆట, అందులో ఓడిపోని పద్ధతి చెప్తానంటాడు. ఎరుపు మీదో నలుపు మీదో చిన్న పందెం పెట్టాలట, ఓడితే తర్వాతి పందెం రెట్టింపు పెట్టాలట, మళ్ళీ ఓడితే మళ్ళీ రెట్టింపు పెట్టాలట, ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదు కాబట్టి ఆ ఒక్క గెలుపుతో పోయినదంతా తిరిగొచ్చి పైన లాభం మిగులుతుందట.

రెట్టింపు అన్న మాట వినగానే ఫోను తిప్పి కార్డు చూసుకున్నాను. దేవుడే చెప్తున్నాడనుకున్నాను. ఈ దేశంలో జూదం నేరమని నాకు తెలుసు, విశ్వాసికి పాపమని అంతకన్నా బాగా తెలుసు. అయినా ఆ కార్డు అడ్డం పెట్టుకుని రెండింటినీ దాటేశాను. చూడండి సహోదరులారా, వాక్యాన్ని గొడుగులా పట్టుకుని బురదలోకి దిగాను.

మూడు వారాలు గెలిచాను. ఎక్కువేమీ కాదు, రోజుకు రెండు మూడు దినార్లు. కాని ఆ చక్రం మీద వచ్చిన ప్రతి నంబరూ నాకు గుర్తుంది, పార్టు నంబర్ల లాగే. నిన్న మధ్యాహ్నం ఎన్ని ఎరుపులో, ఇవాళ పొద్దున ఎన్ని నలుపులో వరస తప్పకుండా చెప్పగలను. ఇంత జ్ఞాపకం ఉన్నవాణ్ణి ఇది ఏమి చేయగలదు అనుకున్నాను.

కుమారి మా ఊరి పక్క ఊరిదే. మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పని. శుక్రవారం శుక్రవారం అబూ హలీఫాలో మన ప్రార్థన జరిగే హాలుకు రెండు బస్సులు మారి వచ్చేది, వెనక వరుసలో కిటికీ పక్క నీలం కుర్చీలోనే కూర్చునేది. ఊళ్ళో ఆమె ఇంటికి గోడలు లేచాయి, స్లాబు పడలేదు. రెండు వానాకాలాలు గోడలు తడిశాయి. ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఏంటి బాబాయ్ గారూ, ఈ మధ్య పాటలో మీ గొంతు అందరికన్నా పైకి లెగుత్తుంది. ఏ లంకెబిందెలు దొరికాయేంటి?"

నేను ఫోను తిప్పి ముందు కార్డు చూపించాను, తర్వాత ఆట చూపించాను. ఆ వరస గుర్తుంచుకోండి. ముందు కార్డు, తర్వాత ఆట. ఆమె కార్డు మీద మాట చదివి కళ్ళకద్దుకుంది. తర్వాత చక్రం వంక చూసి ఒక ప్రశ్న అడిగింది.

"ఎర్రవీ నల్లవీ సరేగానండి, ఈ ఆకుపచ్చ గదేంటి? సున్నా అని ఉందేంటి?"

"అది ఎప్పుడో గాని రాదమ్మా. దాన్ని పట్టించుకోకు" అన్నాను.

తెలియక అన్నాను అని రాయాలని ఉంది. కాని ఆ గది సంగతి నాకూ తెలియదన్న విషయం ఆమెకు తెలియనివ్వకూడదని అలా అన్నాను. అన్నేళ్ళుగా ఎవరేది అడిగినా చెప్పేవాణ్ణి కదా, తెలియదు అనే మాట నోట రాలేదు.

ఆ తర్వాతి వారం ఒక మధ్యాహ్నం, ఆమె మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, పిల్లలు భోజనం చేసి పడుకున్నాక కుమారి వంటగదిలోంచి ఫోను చేసింది. అర దినారుతో ఎరుపు మీద మొదలుపెట్టిందట. నలుపు వచ్చింది. ఒకటి పెట్టింది, నలుపు. రెండు, నలుపు. నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ఏడోసారీ నలుపే వచ్చాక నాకు చేసింది.

"బాబాయ్ గారూ, ఏడు సార్లు నలుపేనండి. ఆపేత్తాను."

"ఆపితే పోయింది పోయినట్టేనమ్మా. రెట్టింపు పెట్టు."

అరవై నాలుగు పెట్టింది. నలుపు. ఇక నూట ఇరవై ఎనిమిది పెట్టాలి. ఆటవాడు వంద దాటనివ్వడు. ఆ హద్దు ఉందని వీడియో కుర్రాడు చెప్పలేదు, నేను చూసుకోలేదు. ఆమె దగ్గర మిగిలింది నూట రెండున్నర.

"ఎనిమిది నలుపులు వచ్చాయి కుమారీ. నా అనుభవంలో ఎప్పుడూ తొమ్మిది రాలేదు. వంద పెట్టు, దేవుడున్నాడు" అన్నాను.

తొమ్మిదోసారి నలుపు రాలేదు. ఆకుపచ్చ వచ్చింది.

ఆమె ఏడవలేదు. వంటగదిలో కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది, ఆ కుళాయి చప్పుడు నాకు వినిపించింది. తర్వాత "పట్టించుకోవద్దన్నారు కదండీ" అని ఫోను పెట్టేసింది. తర్వాతి శుక్రవారం నీలం కుర్చీ ఖాళీ. ఆ తర్వాతి శుక్రవారం కూడా ఖాళీ.

సహోదరులారా, అక్కడితో నాకు బుద్ధి రావాలి కదా, రాలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె డబ్బు గెలిచి ఇచ్చేయాలని మళ్ళీ ఆడాను. రెట్టింపు మానేసి ఓడినప్పుడల్లా ఒక్కటి పెంచే పద్ధతి ఆడాను, వెనకటి రెండు పందేలూ కలిపి పెట్టే పద్ధతి ఆడాను, చాలాసేపు రాని నంబరు కనిపెట్టి దాని మీదే పెట్టే పద్ధతి ఆడాను. నెలలు పట్టింది, నా జీతం పోయింది. చక్రాన్ని వెనకనుంచి ఎవడో తిప్పుతున్నాడని ఆ ఆటవాళ్ళకు నా ఇంగ్లీషులో ఎన్నో ఉత్తరాలు రాశాను. దొంగలన్నాను, దేవుడు చూస్తున్నాడన్నాను. ఒక్కదానికీ జవాబు లేదు.

మోసం రుజువు చెయ్యాలనుకున్నాను. స్టోరులో ఒకే సైజు వాషర్లు ముప్పై ఏడు ఏరి, పద్దెనిమిదికి ఎర్ర రంగు, పద్దెనిమిదికి నల్ల రంగు, ఒక్కదానికి ఆకుపచ్చ రంగు వేసి, ఖాళీ ఆయిలు డబ్బాలో పోశాను. అవి శ్రమదినాలు. మీరంతా ఉపవాసముండి ప్రార్థించే ఆ నలభై రోజులూ నేను భోజనం మానేసి, డబ్బా ఊపి, కళ్ళు మూసుకుని ఒక్కో వాషరు తీసి, రంగు రాసుకుని మళ్ళీ అందులోనే వేశాను. ఈ డబ్బాయే నా చక్రం, ఇందులో మోసం లేదు కాబట్టి నా పద్ధతి గెలుస్తుంది, అప్పుడు వాళ్ళ చక్రం దొంగదని తేలుతుంది. ఇదీ నా తెలివి.

మా షాపు మెకానిక్కు మస్తాన్ రాయచోటి మనిషి. రోజూ చూసి చూసి ఒక రోజు అడిగాడు. "ఏం పెద్దాయనా, వాషర్లకు జాతకం జూస్తాండావా?"

సంగతంతా చెప్పాను. "ఈ డబ్బా కూడా నన్ను మోసం చేస్తోంది మస్తానూ. వరసగా తొమ్మిదిసార్లు తీస్తే ఎరుపన్నదే రాలేదు. ఇది ఎలా కుదురుతుంది?"

అతను చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "నీ డబ్బా, నీ వాషర్లు, నీ చెయ్యి. ఇంగ మోసం ఎవురు జేసినట్ల? నలుపు ఎన్నిసార్లొచ్చిందో నీకు గుర్తుంటాది గాని, డబ్బాకి గుర్తుంటాదా?"

చేతిలో ఉన్న వాషరును బల్ల మీద పెట్టేశాను. డబ్బాకు జ్ఞాపకం లేదు. చక్రానికి జ్ఞాపకం లేదు. నేను ఏ జ్ఞాపకాన్ని నమ్ముకుని ఒక మనిషి ఇంటి కప్పును పందెం పెట్టించానో, ఆ జ్ఞాపకంతో అక్కడ ఎవరికీ పని లేదు. ప్రతిసారీ అదే మొదటిసారి.

ఆ రోజు మొదటిసారిగా ఆ ఆకుపచ్చ వాషరును పక్కన పెట్టుకుని నెమ్మదిగా లెక్క వేశాను. గదులు ముప్పై ఏడు. ప్రతి గదిలో ఒక్కో దినారు పెడితే ముప్పై ఏడు పోతాయి, ఏదో ఒకటి గెలుస్తుంది, నా దినారుతో కలిపి ముప్పై ఆరు చేతికొస్తాయి. ఎరుపు మీదే ముప్పై ఏడుసార్లు ఆడితే, అన్ని గదులకూ సమానంగా వంతు వస్తే, గెలుపు పద్దెనిమిది సార్లు, గెలుపుకు రెండేసి చొప్పున చేతికొచ్చేది మళ్ళీ ముప్పై ఆరే. ఎటునుంచి వెళ్ళినా ఆ ఒక్కటి ఆట పెట్టినవాడిది. పందెం రెట్టింపు చేస్తే వాడి ఒక్కటీ రెట్టింపవుతుంది. రెట్టింపు అనే మాట నిజమే, కాని అది నాకు కాదు, వాడికి. వాడు చక్రాన్ని వెనకనుంచి తిప్పనక్కర్లేదు. దొంగతనం ఏదీ దాచలేదు, అందరికీ కనబడేటట్టు రంగు వేసి, సున్నా రాసి మరీ పెట్టాడు. పెద్దగా చదువుకోని కుమారి ఒక్క చూపులో దాన్ని పట్టుకుంది. పట్టించుకోవద్దన్నది నేను.

నాకు అప్పుడు కలిగిన దిగ్భ్రమ ఇప్పటికీ దిగలేదు. ఇన్నాళ్ళూ దొంగ ఎవడని వెతికాను. ఆ డబ్బాల మధ్యే మోకాళ్ళూనాను. ఇలా ప్రార్థించాను, నాకు అక్షరం అక్షరం గుర్తుంది: "ప్రభువా, వాళ్ళు ఆ గదిని దాచలేదు. నేను దాచాను. నీ మాట అడ్డం పెట్టి దాచాను. తెలియదు అని చెప్పలేని నా నోటిని ముందు బాగుచెయ్యి. తర్వాత నీ ఇష్టం."

లేచి ఆ ఆటను ఫోనులోంచి తీసేశాను. ఆ శుక్రవారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. హాలులో ఎవరూ 'ఆమేన్' అనలేదు. పాస్టరుగారు మాత్రం లేచి వచ్చి, "కార్డు ఏదండీ?" అని అడిగారు. ఇచ్చాను. ఆయన ప్లాస్టిక్కు ఒలిచి, మొత్తం వాక్యం బయటికి చదవమన్నారు. చదివాను. అందులో అవమానం అనే మాట ముందుంది, రెట్టింపు తర్వాత ఉంది. "మీరు మొదటి మాట ఎప్పుడూ చదవలేదు. ఇవాళ చదివారు" అన్నారు.

అప్పటినుంచి ఈ రోజు వరకు ప్రభువు నన్ను నిలబెట్టాడు. కోరిక మాయమైపోయిందని గొప్ప చెప్పను. రోడ్డు మీద ఎర్ర కారు వెనక నల్ల కారు పోతుంటే నా మనసు లెక్కపెట్టడం మొదలెడుతుంది. అప్పుడు జేబులో ఉన్న ఆకుపచ్చ వాషరును పట్టుకుని, "నాకు తెలియదు ప్రభువా" అంటాను. ఆ మాట అనగలగడమే నా విడుదల. దేవునికే మహిమ.

జీతంలోంచి నెలనెలా కుమారి తమ్ముడికి స్లాబు డబ్బు పంపడం మొదలుపెట్టాను. ఆమెకు ప్రతి శుక్రవారం క్షమించమని ఒక వాయిస్ మెసేజి పెట్టాను. విన్నట్టు నీలం గీతలు పడేవి, జవాబు వచ్చేది కాదు. నీలం కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను పిచ్చివాడనుకున్నారు.

ఇది చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నీ ఫోనులో కూడా ఓడిపోని పద్ధతి ఒకటి ఉండవచ్చు, దాన్ని నీకు చూపించినవాడు నీ సంఘంవాడే కావచ్చు, నాలాంటి తల నెరిసినవాడే కావచ్చు. ఆ గది ఏంటని అడుగు. అతను పట్టించుకోవద్దంటే లేచి వచ్చేయ్. ఇప్పటికే పడిపోయి ఉంటే, అది ఎవరికీ చెప్పుకోలేని అవమానం అనుకోకు. నా దేవుడు మొదలుపెట్టేది ఆ మాట దగ్గరే. ఆయనను నమ్ము, ఆయన చక్రం తిప్పేవాడు కాడు.

పోయిన బుధవారం మధ్యాహ్నం నా ఫోనుకు జవాబుగా ఒక వాయిస్ మెసేజి వచ్చింది, మాటల వెనక అదే వంటగది కుళాయి చప్పుడు:

"బాబాయ్ గారూ, నేను కుమారినండి. మీ మెసేజిలన్నీ ఇన్నానండి. ఎంటనే మాటాడితే తిట్టేత్తానని ఊరుకున్నాను, ఆ తిట్లు లోపల అయిపోడానికి ఇన్నాళ్ళు పట్టింది. మా తమ్ముడికి పంపేది ఆపకండి, అది స్లాబుది. క్షమాపణ అడగడం మాత్రం ఇంక ఖలాస్. అది ఎప్పుడో ఇచ్చేశానండి, ఒక్కసారే ఇచ్చాను, మళ్ళీ రెట్టింపు చెయ్యమనకండి. ఈ శుక్రవారం మామా సెలవిచ్చింది, వత్తన్నాను. నా కుర్చీ తియ్యకండి."