మామ్మ దబ్బచెట్టు, పెదనాన్న కివీ తీగ

కివీ పండు కోసినప్పుడు వచ్చే ఆ పచ్చి పులుపు వాసన నాకు గిట్టదు. క్లాంగ్‌లో మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్లో అవి ప్లాస్టిక్ పెట్టెల్లో ఎలకపిల్లల్లా బొచ్చు వేసుకుని పడుకుని ఉంటాయి. మా అమ్మాయి ఇష్టపడి కొంటుంది, చక్రాలుగా కోసి నా ముందు పెడుతుంది, నేను పళ్లెం పక్కకి తోసేస్తాను. ఎందుకని అది ఎప్పుడూ అడగలేదు. అడిగితే మా పెదనాన్న గురించి చెప్పాలి.

నేను చిన్న తరగతుల్లో ఉండగా బంటింగ్ దగ్గర మేముండే రబ్బరు తోట అమ్ముడుపోయింది. చెట్లతో పాటు మేముండే కూలీల లైను ఇళ్లూ పోయాయి. నాన్న క్లాంగ్‌లో ఫ్యాక్టరీ పని చూసుకుని, ఇల్లు కుదిరేదాకా ఉండమని అమ్మనీ నన్నూ కామెరాన్ కొండల మీదికి, టీ తోట ఆఫీసులో గుమాస్తాగా ఉన్న తన అన్న ఇంటికి పంపాడు. పెదనాన్నకి భార్య పోయింది, కూతురు సుంగై పెటానిలో హాస్టల్లో చదువుకునేది. ఆ ఇంట్లో ఆయనా, ఆయనకీ మా నాన్నకీ తల్లి అయిన మామ్మా ఇద్దరే ఉండేవారు.

బంటింగ్ ఉక్కలో పుట్టిన నాకు ఆ కొండ పగబట్టినట్టే ఉండేది. తెల్లారి లేస్తే కిటికీ అవతల ఏమీ కనపడని మంచు, సీసాలో గడ్డకట్టి కూర్చున్న కొబ్బరినూనె, ఎన్ని రోజులు ఆరేసినా తడి వదలని తువ్వాళ్లు, పగిలిన మడమలకి అమ్మ రాసుకునే ఆముదం జిడ్డు, కిందనున్న ఫ్యాక్టరీ నుంచి వచ్చే వాడిన టీ ఆకు కమురు వాసన. సాయంత్రాలు తోటల పిల్లలతో కలిసి అట్టముక్కల మీద కూర్చుని ఎర్రమట్టి వాలు మీద జారేవాళ్లం. ఆ కాస్తే నాకు సుఖం. ఇంట్లోకి అడుగుపెడితే గట్టిగా నవ్వకూడదు, తలుపు చప్పుడు చెయ్యకూడదు, మంచి కుర్చీలో కూర్చోకూడదు. పెదనాన్న కొట్టేవాడు కాదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుంటూ, మనం అక్కడ లేనట్టు చూసేవాడు. అమ్మ ఆ చూపు పడకుండా వంటింటి గోడ వెంబడే తిరిగేది.

ఆయన ప్రేమంతా పెరట్లోని కివీ తీగ మీదే. చలిదేశంలో చదువుకుని వచ్చిన ఎవరో తెచ్చిన మొక్కలని నాటి, ఇనప తీగల పందిరి వేసి పాకించాడు. అది ఏపుగా పెరిగేది కానీ పూసేది కాదు. గట్టి చలి తగిలి, ఆకంతా రాలి, కొన్నాళ్లు చచ్చినట్టు నిద్రపోతేనే కివీ పూస్తుందట. మా కొండ చలి మనుషులకి ఎక్కువ, తీగకి తక్కువ. అందుకని ఏడాది చివర వానలు పడే రోజుల్లో ఆయన నా చేతా అమ్మ చేతా ఆకులన్నీ దూయించేవాడు. ఆ ఆకుల నూగు చర్మానికి అంటుకుని రాత్రంతా దురద. ఆ పైన చేపల బండి దగ్గర మంచుదిమ్మలు కొని, గోనెలో వేసి నాతో మోయించి, మొదలు చుట్టూ పేర్పించేవాడు. నా వేళ్లు నీలంగా మారి మొద్దుబారిపోయేవి. "శీతాకాలం వచ్చిందని తీగ నమ్మాల" అనేవాడు. నా వేళ్లు మాత్రం అప్పటికే నమ్మేశాయి.

అదే పెరట్లో మూలగా మామ్మ దబ్బచెట్టు ఉండేది. తోట నుంచి మొక్కగా తెచ్చుకున్న ఆ చెట్టు చలికి గిడసబారి, మనిషెత్తు దాటి పెరగలేదు. గాలి తగలకుండా మామ్మ దాని వెనక జింకు రేకులు పాతించింది. మంచు దట్టంగా దిగే సాయంత్రాల్లో గోనెపట్టాలు కప్పేది, మరీ చలిగా ఉంటే తన దుప్పటి తీసుకెళ్లి చుట్టి, తాను రెండు చీరలు కప్పుకుని పడుకునేది. ఉగాదికి ఆ చెట్టు ఇచ్చే నాలుగు కాయలతో ఆవపిండి నూరిపోసి పులిహోర కలిపితే, పొగమంచు నిండిన ఆ ఇల్లు ఒక్క పూట మనుషుల ఇల్లులా వాసనేసేది.

నెలలనుకున్న మా మకాం ఏళ్లయింది. ఒక ఏడు వానల మొదట్లో పెదనాన్న ఆ రేకులు పీకడానికి కూలివాణ్ణి తీసుకొచ్చాడు. గాలి తోసుకొచ్చి తీగకి తగలాలని ఆయన లెక్క.

"ఒరే అప్పన్నా, రేకులు తియ్యొద్దురా. సెట్టు సచ్చిపోద్ది" అంది మామ్మ పెదనాన్నతో.

"సలి తగల్లేకపోతే తీగ పువ్వెట్టదమ్మా. దబ్బకాయలు మార్కెట్లో దొరకవేటి?"

"నీ తీగకి సలి కావాలంటే సలిదేశం అట్టుకుపో. నా సెట్టు జోలికి రాకు."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. రేకులు పడిపోయాయి.

చెట్టు పసుపుపచ్చగా మారింది. చివర్లు నల్లబడ్డాయి. పిందెలు గుత్తులుగా రాలాయి. మామ్మ రోజూ వాటిని ఏరి కొంగులో పోసుకుని, పెదనాన్న అన్నం తినే బల్ల మీద కుప్పగా పోసి వెళ్లిపోయేది. వండింది, వడ్డించింది, కొడుకుతో మాట మానేసింది. ఆయనా పిందెలని చేత్తో నేల మీదికి తోసి, ఏమీ జరగనట్టు తినేవాడు. ఆ ఇంట్లో అంత చలి నేను మళ్లీ ఎరగను.

అంతలో, క్లాంగ్ ఫ్యాక్టరీకి బస్సులో వెళ్లొచ్చేలా బంటింగ్‌లోనే అద్దె ఇల్లు కుదిరిందని నాన్న ఫోన్ చేశాడు. మామ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. మేం బయల్దేరే రోజు పొద్దున్న పెదనాన్న ఆఫీసుకి వెళ్లగానే ఆమె కత్తి తీసుకుని చెట్టు కొమ్మలన్నీ నరికేసింది. గోడ వెంబడి తిరిగే మా అమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని గునపం పట్టింది. ఇద్దరూ చుట్టూ తవ్వి, వేరు మట్టితో సహా పెళ్లగించి, తడి గోనెలో కట్టారు. దారిలో వెళ్లే కూరగాయల లారీని మామ్మే చెయ్యెత్తి ఆపింది. తమిళ డ్రైవరు చెట్టునీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "ఏరుంగ పాట్టీ" అని, ఎక్కండి అవ్వా అన్నట్టు తలుపు తీశాడు. క్యాబేజీల మధ్య చెట్టు, ముందు సీట్లో మేము.

ఎవరు చెప్పారో, పెదనాన్న ఆఫీసు నుంచి రొప్పుతూ వచ్చాడు.

"ఏటమ్మా ఇది? ఊరంతా నవ్వుతారు లా!" కంగారులో ఈ దేశం వాళ్ల ఊతపదం 'లా' కూడా తగిలించాడు.

"నవ్వనీ. నా సెట్టుకి నీడ లేని ఇంట్లో నాకు కూడెందుకు?"

లారీ కదిలింది. నేను వెనక్కి తిరిగి చూశాను. నాకు జాలి కలగలేదు. ఇప్పుడూ కలగదు.

బంటింగ్ వేడిలో, అద్దె ఇంటి పెరట్లో నాటిన ఆ మోడు చాలా కాలం మోడుగానే ఉండి, ఒకనాటి పొద్దున్న ఆవగింజంత పచ్చ చూపించింది. తర్వాత విరగకాసింది. ఒక ఉగాదికి పెదనాన్న చెప్పకుండా వచ్చాడు. మామ్మ అందరికీ దబ్బకాయ పులిహోర వడ్డించి, ఆయన ఆకులో పెరుగన్నం పెట్టింది.

"నాకు పులిహోర లేదేటమ్మా?"

"సల్లదనం నీకిష్టం గదరా. తిను."

ఆయన తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "తీగ పూసిందమ్మా. కాయ నిలబడలేదు" అన్నాడు. మామ్మ ఆకులు ఎత్తేసింది. ఆమె బతికుండగా ఆయన మళ్లీ రాలేదు.

మామ్మ పోయింది, ఏళ్ల తర్వాత నాన్నా అమ్మా పోయారు. బంటింగ్ ఇంటి యజమాని పెరడంతా సిమెంటు చేయించడంతో దబ్బచెట్టూ పోయింది. పోయినేడు కొండ మీదికి వెళ్లాను. పెదనాన్న ఉన్న తోట క్వార్టర్ల చోట హోటల్ కట్టారు, పందిరి ఉన్న చోట కార్లు నిలబెడుతున్నారు. రాత్రి పూట కూడా జనం పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతున్నారు. ఆ చలే లేదు.

పెదనాన్న మాత్రం ఉన్నాడు. సుంగై పెటానిలో కూతురి ఇంట్లో, ఇంగ్లీషూ తమిళమే మాట్లాడే కూతురూ మనవల మధ్య ఫ్యాను కింద కూర్చుని, ఆదివారాలు నాకు ఫోన్ చేస్తాడు. మామ్మని మొండిఘటం అంటాడు, నన్ను ఆ మొండితనానికి వారసురాలు అంటాడు. నేనూ వదిలిపెట్టను, మంచుదిమ్మల సంగతి ఎత్తుతాను. పక్క గదిలో మా అమ్మాయి సగం అర్థమై, సగం కాక నవ్వుకుంటుంది. మొన్న తిట్టుకున్నదంతా అయ్యాక నేను ఊరుకుండిపోతే, "ఏటే, పలకవేటి?" అన్నాడు.

"ఏటి పలకమంతావు?" అన్నాను.

ఫోన్ పెట్టేశాక లెక్క చూసుకున్నాను. మా వాళ్లలో 'ఏమిటి'కి 'ఏటి' అనేవాళ్లం ఇక ఇద్దరమే. ఆ రెండో మనిషి, పోయి పోయి, పెదనాన్నే అయ్యాడు.