సుద్దగీత గుమాస్తాగారు

ఏలూరు కోర్టు ఎదురుగా నేను సోడాలు అమ్మే రోజుల్లో, పక్క అరుగు మీద అర్జీలు రాసే గుమాస్తాగారు ఒకరుండేవారు. మొగుడు వదిలేసిన తల్లి ఎవరైనా బిడ్డకు మనోవర్తి అడగడానికి వస్తే, ముందు ఆ బిడ్డను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల దగ్గర సుద్దతో గీత గీసేవారు.

"ఏవండీ, అర్జీ రాస్తారా, చొక్కా కుడతారా?" అనేవాణ్ణి.

"నవ్వవయ్యా నవ్వు. కోర్టు కాగితంలో బిడ్డ ఎప్పటికీ రెండేళ్లవాడేనయ్యా," అంటూ ప్రతి అర్జీ చివరా ఒకే మాట రాసేవారు: "బిడ్డ ఎదిగిన కొద్దీ మనోవర్తి పెంచవలెను."

కొల్లేటి లంక తల్లి ఒకామెకు అలాగే ఉత్తర్వు వచ్చింది. మరుసటేడు వరద తీశాక ఆమె మళ్లీ వచ్చింది. గుమాస్తాగారు సుద్ద తీసి, "ఏడమ్మా మనవాడు? ఎంత ఎదిగాడో చూద్దాం," అన్నారు.

"జ్వరమొచ్చి పోయాడండి బాబుగారూ. వాడి డబ్బులు నాకెందుకండీ? ఆపేయమని రాయండి."

ఆయన సుద్ద పక్కన పెట్టి అర్జీ రాశారు. ఆమెకు చదువు రాదు, చదివి వినిపించమంది. గడగడా చదువుతూ వచ్చి చివరి వరుస దగ్గర ఆగిపోయారు. నేను తొంగి చూశాను. అలవాటు పడ్డ చెయ్యి అక్కడ కూడా రాసేసింది: "బిడ్డ ఎదిగిన కొద్దీ."