బట్టల కొట్టులో చదివిన పుస్తకం

అరవైల చివర్లో నేను పాతపట్నంలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయానికి ఒక బట్టల కొట్టాయన వచ్చేవాడు. ఆయనకు చరిత్ర ఇష్టం, నాకు సైన్సు. చదివినవాటిలో మంచివి ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఒక వేసవిలో ఆయన కూతురు మశూచితో చనిపోయింది. ఆయన రావడం మానేశాడు.

కొన్నాళ్లకు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, ఆ రోగం గురించి పుస్తకమేటైనా ఉన్నాదా?" అని అడిగాడు. టీకా ఎలా పుట్టిందో చెప్పే చిన్న పుస్తకం ఇచ్చాను. ఇస్తుంటే భయమేసింది.

మర్నాడు కొట్టుకి వెళ్తే పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మా తాత పుట్టకముందే మందు కనిపెట్టీసినారట. టీకాలోళ్లు మా ఈధికొస్తే, అమ్మోరికి కోపమొస్తాదని మాయమ్మ తలుపేసీసింది. నానూ నోరిప్పలేదు."

ఆయన పక్కనే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత చీరలకొచ్చిన ఆడవాళ్లకి ఆయన ఆ పుస్తకం చదివి వినిపించేవాడు. "కొనకపోయినా పర్లేదమ్మా, ఇది మాత్రం ఇనండి" అనేవాడు. మళ్లీ టీకాలవాళ్లు వచ్చినప్పుడు వాళ్లని తన కొట్టు అరుగు మీదే కూర్చోబెట్టాడు. అందరికంటే ముందు చెయ్యి చాపింది ఆయన తల్లి.