ముసలవ్వ వాటా

ఆ పొద్దున అత్త కుర్చీ మీద ఎండ పడింది.

నేను పుస్తకం పట్టుకొని మా గడప మీద కూర్చుని ఉన్నాను. ఎదురింటి అరుగు మీద ఉండే ఆ పేము కుర్చీని ఎండ రాకముందే నీడలోకి జరుపుకోవడం అత్తకు అలవాటు. ఎండ కుర్చీ చేతుల దాకా వచ్చినా ఎవరూ జరపలేదు. లేచి వెళ్లి పిలిచాను. తలుపు తోస్తే తెరుచుకుంది. అత్త నిద్రలోనే వెళ్లిపోయింది.

ఆమె మా నాయినకు అక్క. మామ చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ముప్ఫై ఏళ్లకు పైగా జనగామలో పెళ్లిళ్లకు సకినాలు చేసిచ్చి బతికింది. పరామర్శకు వచ్చినవాళ్లు "అయ్యో, ఒంటరిది" అన్నారు. నలుగురిలో నాకు నోరు పెగలదు కనుక అక్కడ ఏమీ అనలేదు. ఇక్కడ చెబుతున్నాను. ఆమె గెలిచి వెళ్లింది.

సకినాల పని నేల మీద కూర్చుని చేసేది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరిచిన తెల్ల బట్ట మీద వేళ్ల మధ్య నుంచి చుట్లు చుట్లుగా తిప్పాలి. ముందుగా పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టేది అత్త. ఆ తరువాతే మొదటి చుట్టు. ముహూర్తాలున్న నెలల్లో ఆమెకు నడుము వాల్చే తీరిక ఉండేది కాదు. మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోయేవి, పొయ్యీ ఆగిపోయేది. అందుకే వంటింట్లో రెండు స్టీలు డబ్బాలు ఉండేవి. చేతికి డబ్బు రాగానే, బియ్యానికీ నూనెకూ తీయకముందే, ఆ రెండింటిలో కొంత కొంత వేసేది.

"గిది మూఢం డబ్బ. పెండ్లిల్లు లేని దినాలల్ల మనం తినేది. గది ముసలవ్వది. దాంట్ల చెయ్యి పెట్టేది లేదు."

"ఏ ముసలవ్వ అత్తా?"

"ఉన్నది ఒకతి. ఇప్పుడు మస్తు దూరం ఉన్నది. నడుసుకుంట వస్తున్నది."

"ఆమెకు కొడుకులు లేరా?"

"లేరు. నేనే ఉన్న."

అప్పటికి చిన్నపిల్లను, నమ్మాను. నువ్వులు నర్మెట్ట రైతు దగ్గర నుంచి వచ్చేవి కాబట్టి, ఆ ముసలవ్వ కూడా అటు నుంచే కర్ర పట్టుకొని వస్తోందనుకున్నాను. కాన్వెంటులో పొద్దున ప్రార్థన వేళ ఎవరికోసమైనా దేవుణ్ణి అడగమంటే, మా ఇంటికి నడిచి వస్తున్న ముసలామె కోసం అడిగాను. కొన్నాళ్లకు అత్త నన్ను తీసుకెళ్లడానికి గేటు దగ్గరికి వస్తే సిస్టర్ పలకరించారు.

"మీ ఇంటికి వస్తున్న పెద్దావిడ చేరుకున్నారా?"

అత్త నా వంక చూసింది. ఆమెకు వెంటనే అర్థమైంది.

"ఇంకా లేదు సిస్టరమ్మా. తొవ్వల ఉన్నది. రాంగనే తోలుకొచ్చి సూపిస్త."

దారంతా నవ్వుతూనే ఉంది. ఆ ముసలవ్వ ఎవరో ఆ రోజే చెప్పింది. "నేనేనే పిల్లా. చేతుల సత్తువ పోయినంక ఉండే నేను. అడుగనీకి ఆమె ఇంకా రాలే. అందుకే ముందుగాల ఆమెకు పెట్టాలె."

నెల చివర ముసలవ్వ డబ్బాలో ఉన్నది పోస్టాఫీసుకు వెళ్లేది. బజారులో చిట్టీలు నడిపే ఒకాయన ఆమెను వదిలేవాడు కాదు.

"అక్కా, గా పోస్టాఫీసుల ఏమొస్తది? మా దగ్గర పెట్టు, ఉరుకుతది నీ పైస."

"ఉరికితె నేను అందుకోలేను బావా. నాతోటి నడిచేదే మంచిగున్నది."

సకినాల ధర పెంచినప్పుడల్లా ముసలవ్వ వాటా కూడా పెంచేది. "ఆమెకు గూడ బియ్యం పిరమైతయి గద" అనేది. సంతలో చీర నచ్చితే చూసి ఇంటికి వచ్చేసేది. మళ్లీ వారం వెళ్లినప్పుడు కూడా నచ్చితే కొనేది. చాలాసార్లు నచ్చేది కాదు. పండుగకైనా, పట్టుచీరకైనా అప్పు మాట ఎత్తేది కాదు. పిసినారి అనేవాళ్లు. విని, చేతిలో సకినం పెట్టి పంపేది.

నాయిన బస్సు డ్రైవర్. భూపాలపల్లి బస్సు నడిపేవాడు. బొగ్గు బావుల క్వార్టర్ల నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ ఆ బస్సులోనే వెళ్లేవి. మహబూబాబాద్‌కు మాత్రం అత్తే గంప ఎత్తుకొని ప్యాసింజర్ రైలెక్కేది.

తరువాత ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బస్సులు డిపోలో ఆగాయి. బావుల్లో బొగ్గు ఆగింది. బడులు మూశారు. నాయినకు జీతం లేదు, అత్తకు ఆర్డర్లు లేవు. మూఢం డబ్బా రెండిళ్లకూ అన్నం పెట్టింది. రోజులు గడిచేకొద్దీ అదీ అడుగంటింది. ఒక సాయంత్రం నాయిన దీక్షా శిబిరం నుంచి నేరుగా అత్త అరుగు మీదికి వచ్చాడు.

"అక్కా, గా పోస్టాఫీసు పైసలు జర తియ్యి. జీతాలు రాంగనే కట్టేస్త."

"డబ్బల ఉన్నదంత ఊడ్చుకపో తమ్మీ. గవి మాత్రం అడగకు."

"ఊరు ఊరంత రోడ్డు మీద కూసున్నది. నీకు ఇంకా రాని ముసల్దాని ఫికరే ఎక్కువైందా?"

అత్తకు కోపం రాలేదు. "రాష్ట్రం ఎందుకు అడుగుతున్నవ్‌రా?" అంది.

"మన పైసలు మన దగ్గర ఉండాలెనని. ఒకల ముందట చెయ్యి చాపొద్దని."

"నేను గూడ గదే అంటున్న."

నాయిన లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి పొద్దున శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు. అక్కతో మాట్లాడలేదు. ఆమె భయం నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. ఒకసారి తీస్తే రెండోసారి తీయడం తేలికవుతుందని, ఆ వచ్చే ముసలవ్వ తమ్ముడి గుమ్మం ముందు పళ్లెం పట్టుకొని నిలబడుతుందని. అత్త చాయ్ మానేసింది. ఒక పూట అన్నం మానేసింది. ముసలవ్వ డబ్బు మాత్రం తీయలేదు.

సమ్మెలోనే ఒకరోజు పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఊరంతా బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకొని అక్కడే తినే నిరసన. అత్త తన పెద్ద మూకుడు మోయించుకొని వచ్చి తారురోడ్డు మీద తెల్ల బట్ట పరిచింది. నాయినతో పనిచేసే ఒకాయన గట్టిగా అన్నాడు.

"ఏందక్కా, పైస రాల్చవు గని పిండి పిసుకుతున్నవు?"

"చేతులు నావి, ఇస్త. పైసలు ముసల్దానివి, నేనెట్ల ఇస్త?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. వచ్చి పొయ్యిలో కట్టె ఎగదోశాడు. అత్త మొదటి వాయి తీసి నాయిన చేతికే ఇచ్చింది. "కాలుతది, మెల్లగ" అంది. అంతే. వాళ్ల మధ్య ఆ సంగతి అక్కడితో తీరిపోయింది.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. ముహూర్తాలు వచ్చాయి. అరవై నిండిన ఏడు, మాఘమాసం పెళ్లిళ్లు అయిపోగానే పొయ్యి ఆపుతానని అత్త ఎప్పటి నుంచో అంటూ ఉండేది. అన్నట్టే ఆపింది. మూకుడు, తెల్ల బట్టలు తన దగ్గర పని నేర్చుకున్న పిల్లకు ఇచ్చేసింది. ఆ పిల్లది నెల్లికుదురు దగ్గర తండా. ఇంట్లో మాట్లాడుకునే భాష వేరు. "సకినం తిరుగనీకి భాషెందుకు" అని అత్త నేర్పింది.

మరుసటి పొద్దున సంతలో రెండు వారాలూ నచ్చిన చీర కట్టుకొని, కొత్త పేము కుర్చీ ఒకటి రిక్షాలో తెచ్చుకుంది. అరుగు మీద వేసుకొని, కాళ్లు చాపుకొని కూర్చుంది. బతుకంతా నేల మీద కూర్చుని పనిచేసిన మనిషి.

"బిడ్డా," అని కేకేసింది. "ముసలవ్వ వచ్చింది. చాయ్ పెట్టియ్యి."

ఆ వారమే కాన్వెంటుకు నడిచి వెళ్లింది. నేను చదువు ముగించి ఎప్పుడో బయటికొచ్చేసినా ఆ సిస్టర్ అక్కడే ఉన్నారు. "తోలుకొస్తనన్న గద సిస్టరమ్మా, గిదిగో" అని తన గుండె మీద చెయ్యి వేసుకుంది. సిస్టర్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. తరువాత ఇద్దరూ చేతులు పట్టుకొని నవ్వారు.

అప్పటి నుంచి నెలనెలా పోస్టాఫీసు వడ్డీ మీద దర్జాగా బతికింది. ఆ తండా పిల్ల దగ్గరే సకినాలు కొనేది. బేరమాడేది కాదు. "నువ్వులు తక్కువైనయి" అని మాత్రం అనేది. ఒకసారి పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి మహబూబాబాద్ వెళ్లి, స్టేషన్‌లో చాయ్ తాగి, వచ్చే బండికి తిరిగొచ్చింది.

"ఎందుకు పోయినవ్ అత్తా?"

"ఇన్నేండ్లు నెత్తి మీద గంపతోటి పోయిన. గంప లేకుంటె ఎట్లుంటదో సూసొచ్చిన."

"ఎట్లున్నది?"

"కిటికీ దిక్కు కూసున్న."

మొన్న ఢిల్లీలో బిల్లు పాసైన రోజు జనగామ బజారంతా గులాల్ రంగు. డప్పులు మా గల్లీ దాకా వచ్చాయి. నాయిన పరుగెత్తుకొచ్చి అక్క నుదుటికీ చెంపలకూ గులాల్ పూశాడు. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"వచ్చిందక్కా, రాష్ట్రం వచ్చింది!"

"రానీయ్. దానికంటె ముందుగాల నేనొచ్చిన" అంది. ఎర్రటి ముఖంతో ఆ సాయంత్రమంతా అలాగే కూర్చుంది.

ఆమె దినాలకు కూడా ఎవరమూ అప్పు చేయలేదు. పోస్టాఫీసులో దానికీ వేరుగా పెట్టుకుంది.

ఇంకొన్నాళ్లలో కొత్త రాష్ట్రానికి సొంత డబ్బు లెక్కలు మొదలవుతాయంటున్నారు. మా ఎదురింటి అరుగు మీద పేము కుర్చీ అలాగే ఉంది. ఎండ రాకముందే నాయిన దాన్ని నీడలోకి జరిపి డ్యూటీకి వెళ్తున్నాడు.

సమ్మె అయ్యాక చేతికొచ్చిన మొదటి జీతం నాడే ఆయన పోస్టాఫీసులో ఇంకా దూరం నుంచి నడిచి వస్తున్న తన ముసలాయన పేరిట ఖాతా తెరిచాడు.