ఆంటీ ఎవర్నీ క్షమించలేదు

పోయిన వారం డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. ట్రాలీ ఊరి ఆసుపత్రిలో ఆంటీ పోయారు. గుండె ఆగిపోయిందన్నారు. నేను అన్నం తినిపిస్తున్న ముసలాయనకు చివరి ముద్ద దాకా పెట్టి, మూతి తుడిచి, అప్పుడు బయటికొచ్చి ఏడ్చాను. ఆ వరస ఆవిడ నేర్పిందే. "నీ ఏడుపు కాసేపు ఆగుతుంది, వాళ్ళ ఆకలి ఆగదే" అనేవారు.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఈ దేశం వచ్చి నేను మొదట చేరిన, ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్‌లో నాకంటే ముందు నుంచి వాళ్ళను చూసుకుంటున్న కేరర్. నాకు పని నేర్పి, తన ఇంట్లో గది ఇచ్చారు. ముసలివాళ్ళ మీద ఏనాడూ విసుక్కోలేదు, ఆ కోటా అంతా నాకే. "దుప్పటి అలా లాగుతావేంటే, ఆ మనిషి బస్తానా?"

మంచం మీది మనిషిని యంత్రంతో లేపాలంటే ఇద్దరుండాలి. అది నియమం. మా దగ్గర ఒక్కళ్ళనే పంపేవారు. అలా ఒంటరిగా లేపుతుండగా ఒకరోజు ఒక పెద్దావిడ జారిపోతుంటే ఆంటీ తన ఒళ్ళు అడ్డం పెట్టారు. పెద్దావిడకేం కాలేదు. ఆంటీ నడుము పోయింది. గుమ్మంలోంచి చూసింది నేనొక్కదాన్నే.

హోమ్ మీద ఆవిడ కేసు వేశారు. జరిగింది నిజమని కోర్టు ఒక్క మాట అనాలి, అదే ఆవిడకు కావలసింది. విచారణ దగ్గర పడగానే మేనేజర్ నన్ను పిలిచి, నా వర్క్ పర్మిట్ పొడిగింపు సంగతి ఆలోచించాలంది, నవ్వుతూ. అయినా సాక్ష్యం చెప్తానని ఇంటికొచ్చి ఆంటీతో అన్నాను.

"చెప్పి? తర్వాత ఎక్కడికి పోతావే?"

"ఎక్కడికో అక్కడికి పోతా."

"టికెట్ ఎవరు కొంటారు, మీ మేనేజరా?"

వారం తిరక్కుండా కేసు వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ వేయడానికి గడువుండదని సొలిసిటర్ హెచ్చరిస్తే, ఇక్కడివాళ్ళు సరేననడానికి అనే మాటే, "గ్రాండ్" అని సంతకం పెట్టేశారట. నాతో ఒక్కటే అన్నారు. "కేసు తీసేశాను. మాట తీసెయ్యలేదు."

మా తెలుగు ప్రార్థన కూటంలో దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. ఆవిడ యజమానిని క్షమించాలని అప్పటికే అందరూ కట్టగట్టుకుని ప్రార్థిస్తున్నారు మరి. జవాబు వచ్చిందని స్తోత్రాలు చెప్పారు. నా పేరు బయటికొస్తుందని ఆంటీ కాదనలేదు. కానీ అప్పట్నుంచి ప్రతి వారం, ప్రార్థన అంశాలు అడిగినప్పుడు, నడుము పట్టుకుని నిలబడి ఒకే అంశం చెప్పేవారు. "మా హోమ్‌లో మనిషిని లేపేచోట ఇద్దరుండేలా ప్రార్థించండి." పిల్లల పరీక్షలు, వీసాలు, అద్దె ఇళ్ళు, వాటి మధ్య ఇది. కొందరు ముసిముసిగా నవ్వేవారు.

"ఇంకే అంశం లేదా ఆంటీ మీకు?"

"ఇది అవనీ, చెప్తా."

నిన్న సమాధి దగ్గర్నుంచి వచ్చి హాల్లో టీ తాగుతుంటే సంఘ పెద్ద ఒకాయన లేచి, కీడు చేసినవాళ్ళను క్షమించి కేసు వదులుకున్న తల్లి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు నాకు పర్మిట్ అక్కర్లేదు, నా బతుకు ఏ మేనేజర్ చేతిలోనూ లేదు. లేచాను.

"ఆవిడ ఎవర్నీ క్షమించలేదు అంకుల్. నా పర్మిట్ పోకుండా కేసు వదులుకున్నారు. ఆ రోజు ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపారు. నేను చూశాను."

వెనక వరసలో, ఇప్పటికీ అదే హోమ్‌లో చేస్తున్న అమ్మాయిలు షిఫ్ట్ మధ్యలో వచ్చినట్టున్నారు, యూనిఫారాల మీద కోట్లు వేసుకుని తలలు దించుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒకమ్మాయి కప్పు కింద పెట్టి లేచి నిలబడింది. పక్కనున్న పిల్ల ఆమె మొహంలోకి చూసి, యూనిఫారం కనబడేలా కోటు గుండీలు విప్పుకుంటూ తనూ లేచింది.