మా బావ తిరిగిన తెల్ల ఊళ్లు

మా బావ స్పెయిన్ చూశాడు, నేను చూడలేదు. డెబ్భైల చివర్లో నా కడుపుమంటకి అంతకన్నా కారణం అక్కర్లేదు.

బావంటే మా అక్క భర్త; నన్నూ బావ అనే పిలుస్తాడు. వాళ్ల పెళ్లయిన కొత్తలోనే ఓడ ఉద్యోగం కోసం ఇద్దరం ఒకే రోజు డాక్టరు పరీక్షకి వెళ్లాం. రంగులు సరిగ్గా పోల్చలేకపోతున్నానని నన్ను తీసేశారు. బావ ఓడెక్కాడు. నేను విశాఖ పోర్టులో గుమస్తాగా చేరి, ఓడల్లోంచి దిగే మూటలకి కాగితం మీద గీతలు గీస్తూ ఉండిపోయాను.

ఓ ఏడు వాళ్ల ఓడ రిపేరుకని స్పెయిన్‌లో కాడిజ్ రేవులో నెలల తరబడి ఆగిపోయింది. ఆదివారం వస్తే చాలు, బావ బస్సెక్కి కొండల మీది పాత ఊళ్లు చూడ్డానికి పోయేవాడట. ఏడాదికో నెల దొరికే సెలవుకి వచ్చి, కంచరపాలెంలో మా అరుగు మీద ఫొటోలు పరిచాడు. అన్నీ సున్నం కొట్టిన ఇళ్లే, గోడల నిండా పూలకుండీలు.

"వీధంటే ఎంతనుకున్నావ్ బావ? సేతులు సాపితే రెండేపులా గోడలు తగుల్తాయి. గాడిద ఎదురొత్తే ఎవుళింటి గుమ్మంలోకో ఎక్కీడమే" అన్నాడు. రోండా అనే ఊరు లోయకి అటూ ఇటూ ఉంటుందట. "వంతెన మీద నిలబడి కిందకి సూత్తే, పిట్టలు మన కాళ్ల కింద ఎగురుతన్నాయి."

ఇంకో ఊళ్లో ఓ ముసలమ్మ పొడుగు కర్రకి కుంచె కట్టి గోడకి సున్నం వేస్తుంటే, ఈయన కుంచె అందుకుని గోడంతా పూర్తి చేశాడట. ఆవిడ రొట్టె మీద ఆలివ్ నూనె పోసి పెట్టిందట. మా అమ్మ చేతిలో పని వదిలేసి మరీ వింది. మధ్యలో నేను పోర్టు కబురేదో ఎత్తితే, "నువ్వుండరా" అంది. కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

నాకూ ఓ పాత ఊరుందని చూపించాలనిపించింది. ఆ తర్వాతి ఆదివారం అందర్నీ భీమిలి బస్సెక్కించాను. సముద్రం దగ్గర డచ్చివాళ్ల సమాధుల మధ్య నిలబెట్టి, "ఎన్ని వందలేళ్లనాటియో సూడండి! స్పెయినోళ్లకేనేటి పాతూళ్లు?" అన్నాను.

బావ ఆ రాళ్ల మీద అక్షరాలు చేత్తో తడిమి చూశాడు. "శానా బాగుంది బావ" అన్నాడు, మనస్ఫూర్తిగానే. అదీ నాకు నచ్చలేదు. ఆ వెంటనే, "అక్కడ ఓ ఊళ్లో పాత మసీదుని సర్చి సేసీసినారు" అని మొదలెట్టాడు. అమ్మ బావ వైపు తిరిగిపోయింది. నేను తెచ్చిన సమాధులు నాకే మిగిలాయి.

ఇక ఆగలేకపోయాను. "నా కళ్లు బాగుండుంటే ఇయ్యన్నీ నానే సెప్పీవోణ్ని!" అని అరిచాను.

అమ్మ నా వంక తేరిపార చూసింది. "కళ్లదేటుందిరా? నువ్ ఆ పరీచ్చ తప్పాలని అమ్మోరికి కోడిని మొక్కుకున్నాను. ఉన్న ఒక్క కొడుకుని సముద్రం మీదకి ఎలా పంపుతాన్రా? నువ్ తప్పిన వారమే మొక్కు తీర్సీసినాను."

కోపం రావాల్సింది. రాలేదు. స్పెయిన్ బావకి దక్కితే దక్కింది, అమ్మ కోడిని మొక్కుకున్నది నాకోసం. ఇన్నేళ్లకి అతని మీద గెలిచాననిపించి, నవ్వుతూ అతని మొహంలోకి చూశాను కూడా. బావ తల దించుకున్నాడు.

పక్కన మా అక్క విస్తరాకుల్లో పులిహోర పెడుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఈయనా ఆ రోజే కదే పరీచ్చకెల్లినాడు?" అంది అమ్మతో. "ఈయన కోసం ఇంకో కోడి దొరకలేదేటే నీకు?"